ఉమ్మడి గింజ

పోయిన వారం మనం అండాలును చిట్యాల విత్తనాల గోదాం గడప మీద కూర్చోబెట్టి వచ్చేశాం. మనం ఇళ్లకు పోయి అన్నాలు తిని పడుకున్నాం గానీ, ఆవిడ మాత్రం ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్కడే ఉంది. ఎదురుగా మోత్కూరు నుంచి అయిదు ఖాళీ బండ్లు కట్టుకొచ్చిన సోమన్న, అతని చేతిలో గడ్డపార. మృగశిర దాటిపోయింది, ఆరుద్ర వచ్చింది, చినుకు లేదు. "నువ్వు తాళం తీస్తవా అక్కా, నన్ను తియ్యమంటవా?" అని సోమన్న అడిగాడు. సరిగ్గా అక్కడ ఆపినందుకు కొందరు కోప్పడ్డారట. పడాల్సిందే.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. విత్తనం లేని రైతు దొర గడికో షావుకారుకో పోయి గింజ అప్పు తెచ్చుకుంటాడు. దాన్ని నాగు అంటారు. కుంచెడు తెచ్చుకున్నవాడు పంట రాగానే కుంచెడున్నర కొలవాలి. కొలిచి, ఏడాదంతా ఆ అరుగు ముందు చేతులు కట్టుకోవాలి. ఆ చేతులు విప్పించడానికే అండాలు భర్త లింగస్వామి విత్తనాల సంఘం పెట్టాడు. చిట్యాల, మోత్కూరు, కల్వకుర్తి, మూడు చోట్ల రైతులు తమ పంటలోంచి మంచి జొన్నగింజ ఏరి సంఘానికి పోశారు. మూడు చోట్లా మూడు గోదాములు పెట్టి, గింజను మూడు వాటాలు చెయ్యాలని మాట. మొదటి విత్తు పడకముందే లింగస్వామి జ్వరంతో పోయాడు. తాళంచెవులు అండాలు చేతికి వచ్చాయి.

వచ్చాక ఆవిడ ఎవరూ చెప్పని పని ఒకటి చేసింది. ఒక్కో గోదాముకు మొదటి దుక్కికి, అంటే సగం చెలకలకు, సరిపోయేంత గింజే పంపింది. మిగిలినదంతా చిట్యాల గోదాములో వేరే గదిలో పెట్టి తాళం వేసింది. అది ఏ ఊరిదీ కాదంది. వాన ఎక్కడ పడితే అక్కడికి పోతుందంది. దానికి ఉమ్మడి గది అని పేరు పడింది. మూడు ఊళ్లలో ఏ ఒక్కరికీ ఆ గది గిట్టలేదు.

ఇక గడప దగ్గరికి వద్దాం.

సోమన్న మాటకు అండాలు తల ఎత్తలేదు. ఒళ్లో చేట పెట్టుకుని జొన్నల్లో రాళ్లు ఏరుతోంది. భయపడిందని ఎవరికీ తెలియకూడదని మరింత శ్రద్ధగా ఏరుతోంది.

"తియ్యి," అంది. "తాళం బలమెంత, రెండు దెబ్బలు. కాని తలుపు పలిగినంక దీనికి కావలి నువ్వే ఉండాలె. రేపు వాన మోత్కూర్ల పడకుండ కల్వకుర్తిల పడ్డదనుకో, ఆ ఊరోళ్లు గిట్లనే గడ్డపార పట్టుకొని నీ ఇంటికొస్తరు. గప్పుడు నీ గడప మీద నువ్వు కూసో. గీ చేట గూడ ఇస్త, తీస్కపో."

బండ్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సోమన్న అటు తిరిగి చూస్తే నవ్వు ఆగిపోయింది. సోమన్న చెడ్డవాడు కాదు. మోత్కూరు గోదాముకు కావలి ఉండి, సంఘానికి అందరికన్నా ముందు గింజ పోసినవాడు. అందుకే అతను గడ్డపార ఎత్తడం అండాలుకు మింగుడు పడటం లేదు.

"మాటలు చెప్పకు అక్కా. మా ఊరోళ్లు పోసిన గింజ మా ఊరికి రావాలె. మూడు వాటాలని లింగస్వామన్న నోటితోని అన్నడు. చచ్చిపోయినాయన మాట నువ్వు తీసేస్తవా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అండాలు చేట పక్కన పెట్టింది.

"అన్నడు. నేను లేదంటలేను. అన్ననాడే ఆయనతోని కొట్లాడిన. వాన మూడు వాటాలేసుకొని కురుస్తదా, చెప్పు అని అడిగిన. నవ్విండు. ఆలోచన చేసి చెప్త అన్నడు. చెప్పకుండనే పోయిండు. ఆయన చెప్పని జవాబు నేను చెప్తున్న సోమన్నా. ఆయన మాటను ఎట్ల కాపాడాలెనో నీకంటె నాకు ఎరుక."

పక్కన పెట్టిన చేటను మళ్లీ ముందుకు లాక్కుంది.

అంతలో సంఘం పెద్ద పర్వతాలు వచ్చాడు. వాన లేని కాలంలో ఆ ఊరు మొత్తానికి గొడుగు పట్టుకుని తిరిగే మనిషి ఆయన ఒక్కడే. లింగస్వామికి పెద్దన్న, అంటే అండాలుకు బావ. బావ వస్తే మరదలు లేచి నిలబడాలి. అండాలు కొంగు తలమీదికి లాక్కుంది. లేవలేదు. చూస్తున్నవాళ్లందరూ ఆ లేవకపోవడాన్ని చూశారు. పర్వతాలు కూడా చూశాడు.

"అండాలూ, బజార్ల పరువు తీస్తున్నవు. లేచి తాళం తియ్యి. మోత్కూరోళ్లది మోత్కూరోళ్లకు, కల్వకుర్తోళ్లది కల్వకుర్తోళ్లకు, మనది మనకు. లొల్లి ఒడుస్తది."

"ఒడువది బావా. అప్పుడే సురువైతది."

"ఎందుకు సురువైతది? ఎవరి గింజ వాళ్ల ఇంట్ల ఉంటే ఎవరికేం బాధ?"

అండాలు అనాలా వద్దా అని తటపటాయించింది. అంటే ఇంటి గుట్టు బజారున పడుతుంది. అనకపోతే గది పోతుంది. గదే ముఖ్యమనుకుంది.

"మనింట్ల సంగతి యాది చేస్కో బావా. ముగ్గురన్నదమ్ములు ఒక్క పొయ్యి మీద తిన్ననాడు, చెప్పకుండ ఒచ్చే చుట్టానికని అత్త రోజూ ఒక్క సోలెడు ఎక్కువ పోసేది. ఎవరి దిక్కు చుట్టమొచ్చినా గా సోలెడే సాలింది. ఏనాడన్న ఎవరన్న ఆకలితోని పోయిన్రా? తర్వాత ఏరు పడ్డం. మూడు పొయ్యిలు, మూడు సోలెలు. చుట్టం రాని ఇంట్ల అన్నం కుక్కలకేసినం. ఇద్దరు చుట్టాలొచ్చిన ఇంట్ల ఆడోళ్లు పస్తున్నరు. పక్క పొయ్యి మీద అన్నం ఉన్నదని ఎరుకే. అడగబుద్ధి కాలె. గింజలు అప్పుడెన్నో ఇప్పుడూ గన్నే. ఏం తక్కువైంది మరి?"

ఏరు పడదామని ఆ ఇంట్లో మొదట నోరు తెరిచింది పర్వతాలే. ఆ సంగతి చిట్యాలలో తెలియనివాళ్లు ఎవరూ లేరు. ఆయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మోత్కూరు వాళ్లలో పెద్దవాళ్లు ఒకరిద్దరు తలలు ఊపారు. ఏరు పడిన కొంపలు ఏ ఊళ్లో మాత్రం లేవు గనుక.

సోమన్న మాత్రం తల ఊపలేదు.

"మంచిగ చెప్పినవక్కా. మరి చుట్టాలు మూడిండ్లకు ఒక్కనాడే ఒస్తే?"

ఈ ప్రశ్న అండాలు తనను తాను ఎన్నోసార్లు అడుక్కున్నదే. జవాబు సిద్ధంగానే ఉంది. చెప్పడానికే మనసొప్పదు.

"గప్పుడు అందరికీ తక్కువే అయితది," అంది. "మూడు కుండలల్ల పెట్టినా గంతే తక్కువ. ఒక్క కుండల ఉంటే, ఎవరి ఆకలెంతో చూసి పెట్టొచ్చు."

"పెట్టే చెయ్యి నీదైతది."

"నాదే అయితది. ఆ తిట్లు గూడ నేనే తింట."

ఇలా మాట మీద మాట నడుస్తుండగా నల్లగొండ దిక్కు నుంచి లారీ హారన్ వినిపించింది. ఖుద్దూస్ లారీ. చిట్యాల నుంచి మోత్కూరుకూ కల్వకుర్తికీ సంఘం సరుకు మోసేది అతనే. లారీ వచ్చి గోదాం ముందు ఆగింది. ఖుద్దూస్ తలుపు తెరుస్తుంటే ఎవరూ అతని ముఖం చూడలేదు. అందరి కళ్లూ టైర్ల మీదికి పోయాయి. టైర్లకు, మడ్‌గార్డులకు, తలుపులకు కూడా ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా పట్టి ఉంది. సగం ఎండి, సగం ఇంకా తడిగానే ఉంది. ఒక ముసలి రైతు దగ్గరకు పోయి ఆ బురదను వేలితో తీసి నలిపి చూశాడు.

"పడ్డది అండాలమ్మా!" ఖుద్దూస్ దిగుతూనే అరిచాడు. "కల్వకుర్తిల రాత్రి సురువైంది, పొద్దటిదాక దంచింది. రాస్తా మీద బండ్లు దిగబడ్డయి. ఖుదా కసం, గిసొంటి వాన నేను సూడలె."

"అజీజా బేగం ఏమన్నది?" అండాలు అడిగింది. కల్వకుర్తి గోదాం అజీజా బేగం ఇంటి వెనక గదిలోనే ఉంది. అక్కడి కావలి ఆమెదే.

"ఆమె గోదాం పొద్దుగాలనే ఖాళీ. సగం మందికే అందింది. మిగిలినోళ్లు ఇత్తే గొర్రులు కట్టుకొని ఇంటి ముంగటనే నిలబడ్డరు. షావుకారు గూడ తన గింజ గుమ్ములు తెరిపిచ్చి, ఎదురుంగ అరుగు మీద కుర్సీ ఏసుకొని కూసున్నడు. ఎవడన్న అటు కదులుతడేమో అని చూస్తాండు. 'రేపు పొద్దటిదాక మాట చెప్పి ఆపుత, ఆపైన నాతోని కాదు, అండాలమ్మకు చెప్పు' అన్నది."

చెలక నేల. రెండు ఎండలు కొడితే పదును ఆరిపోతుంది. ఆరిన దుక్కిలో వేసిన గింజ పిట్టల పాలు. ఈలోపల షావుకారు గుమ్మిలోంచి ఒక్క రైతు కుంచెడు కొలిపించుకున్నాడంటే చాలు, వెనకాల వరస కడతారు. సంఘం అక్కడితో సరి.

బావ కోసం లేవని అండాలు అప్పుడు లేచింది. నడుముకు కట్టిన ముడి విప్పి తాళంచెవి తీసి ఉమ్మడి గది తలుపు తెరిచింది. చీకటిగా ఉన్న గదిలోంచి వేపాకు వాసన, బూడిద వాసన కలిసి బయటికి వచ్చాయి. బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి.

"ఎత్తుండ్రి. అన్ని కల్వకుర్తికే."

సోమన్న వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. గడ్డపార చేతిలోనే ఉంది గానీ కిందికి వేలాడుతోంది.

"వద్దక్కా," అన్నాడు.

ఇందాకటి గొంతు కాదది. బెదిరింపు ఏమీ లేదు. అండాలు అతని ముఖంలోకి చూసింది.

"నీ ఊళ్లె చుక్క పడలె. నీ గోదాంల నేను పంపిన గింజ ఉన్నది. పడ్డా మొదటి దుక్కికి అది సాలుతది. ఆలోపల నేను ఇంకింత పంపుత. నీకెందుకింత భయం?"

సోమన్న చూపు బండ్ల దిక్కు మళ్లింది.

"గింజ ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"గోదాంల ఉన్నదా?"

"గోదాంల లేదు."

"మరి ఏడున్నది?"

"పాతర్ల," అన్నాడు సోమన్న. తల వంచుకుని అన్నాడు. అతని వెనక మోత్కూరు మనుషులంతా ఒకేసారి నేల చూపులు చూశారు.

పాతర అంటే తెలియని తెలంగాణ రైతు లేడు. ఇంటి ముందో దొడ్లోనో మనిషి లోతు గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి, ఏమీ ఎరగనట్టు దాని మీదే మంచం వేసుకుని పడుకుంటారు. నైజాం కాలంలో లెవీ ధాన్యం వసూలుకు గిర్దావరు వస్తే ఊళ్లకు ఊళ్లు అట్లాగే తిండి దాచుకున్నాయి. ఎవడో వచ్చి ఎత్తుకుపోతాడన్న భయం పుడితే ఆ చేతులు వాటంతట అవే పార పట్టుకుంటాయి. అయితే ఒకటి. పాతరలో పెట్టిన గింజ తినడానికే. ఆ ఉడుకుకు లోపలి ప్రాణం చస్తుంది. విత్తనాన్ని బూడిద కలిపి, వేపాకు వేసి, గాలి తగిలే చోట గుమ్ముల్లో, కుండల్లో దాస్తారు. ఇది అండాలుకు ఎంత తెలుసో సోమన్నకూ అంతే తెలుసు.

"ఎందుకు?" అంది.

"నువ్వు ఎత్కపోతవని. నిరుడు మా గోదాంల మిగిలిన గింజను మమ్ముల అడగకుండ బండికెత్తిచ్చి ఈడికి తెచ్చినవ్ గద. ఈ ఏడు గూడ వాన ఇంకోకాడ పడితే గట్లనే జేస్తవని ఊరంత అన్నరు. కావలి నేనే గద, నా చేతులతోనే పాతర్ల పోసిన. నాలుగు దినాలకేమైతది, మిరుగం రాంగనే వాన పడుతది, తీసి ఇత్తుదమనుకున్నం. మిరుగం ఉత్తగ పోయింది. మొన్న తీసి తడిగుడ్డల మూట కట్టి చూసినం అక్కా. ఒక్క మొలక లేదు. ఒక్కటంటె ఒక్కటి లేదు."

సోమన్న ఏడుస్తున్నాడు. గడ్డపార పట్టుకుని ఏడుస్తున్న మగవాణ్ణి చూడటం ఎవరికీ బాగుండదు. పర్వతాలు కూడా గొడుగు చాటుకు తల తిప్పుకున్నాడు.

అండాలుకు ఒళ్లు మండిపోయింది. జాలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. ఆ గింజలో మోత్కూరు ఆడవాళ్లు ఒక్కో కంకీ ఏరి పోసిన గింజ ఉంది.

"నా మీద కోపముంటె నా ముఖాన ఉమ్మాలె! ఈడికొచ్చి నాలుగు తిట్టాలె! గింజను సంపుతరా? గింజ ఏం జేసింది మీకు?"

అరిచేసరికి ఆవిడ కోపం సగం దిగింది. దిగినచోట నిరుటి బండి కనిపించింది. అడిగితే ఇవ్వరేమోనన్న అనుమానంతోనే ఆనాడు అడగకుండా ఎత్తించింది. ఆ అనుమానమే ఇప్పుడు మోత్కూరులో పాతరై కూర్చుంది. ఆ మాట ఇప్పుడు ఇక్కడ చెప్పుకుని లాభం లేదు, లారీ ఎదురుచూస్తోంది.

"ఇప్పుడు చెప్పక్కా," సోమన్న కళ్లు తుడుచుకున్నాడు. "గీ గదిల గింజ ఎవరిది?"

"తడిసిన నేలది."

"మాకు పానమున్న గింజ ఒక్కటి లేదని ఇన్నంక గూడ గదే మాటనా?"

"గదే మాట. కల్వకుర్తిల గొర్రులు కట్టుకొని నిలబడ్డరు. మీ నేల ఇంక ఎండిపోయే ఉన్నది. ఎండిన నేలకు గింజ పంపి, తడిసిన నేలను షావుకారుకు అప్పజెప్పుమంటవా? నేను అప్పజెప్ప."

"మరి మా నేల తడిస్తే?"

"తడిసిననాడు నన్నడుగు."

"గింజ లేనిది, నిన్నడిగి ఏం జేస్కోవాలె?"

"అడుగుమన్న గద సోమన్నా! నన్నడుగు. లేదనను."

ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుందో ఆ క్షణాన ఆవిడకే తెలియదు. అయినా అంది. అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకు లేదు.

సోమన్న గడ్డపార తీసుకుపోయి గోడకు ఆనించాడు. తిరిగి వచ్చి గదిలోకి వంగి, మొదటి బస్తా తనే భుజానికి ఎత్తుకున్నాడు. ముక్కు ఎగబీలుస్తూనే ఎత్తాడు. అది చూసి మోత్కూరు వాళ్లు ఒక్కొక్కరే తలపాగాలు బిగించి లోపలికి నడిచారు. ఏ గింజను దోచుకుపోవడానికి వచ్చారో ఆ గింజను వాళ్లే ఇంకొకరి కోసం లారీకి మోశారు. లారీ నిండింది, గది ఖాళీ అయింది.

"ఖుద్దూస్ భాయ్, రాత్రికల్ల చేరాలె," అంది అండాలు. "ఒక్క రైతు గూడ షావుకారు అరుగెక్కొద్దన్ననని అజీజా బేగంకు చెప్పు. విత్తంగ మిగిలింది ఒక్క గింజ ఆడ ఉంచకుండ మళ్ల ఎత్కరా."

"ఫికర్ జెయ్యకమ్మా. గింజ దింపినంకనే చాయ్ తాగుత."

లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. సోమన్న బండ్ల దగ్గరికి పోయి, ఖాళీగా వచ్చిన బండ్లను ఖాళీగానే తిప్పుకుపోవడానికి ఎడ్లను కాడి కిందికి తోలుతున్నాడు.

ఎడ్లు కదలలేదు. మోరలెత్తి నిలబడ్డాయి. అంతదాకా లేని గాలి ఒకటి ఉత్తరం నుంచి చల్లగా వచ్చి గోదాం ముందరి పొట్టును లేపింది. సోమన్న తల తిప్పి చూశాడు. మోత్కూరు మీద మొగులు నల్లగా దిగి ఉంది. చూస్తుండగానే అందులో ఒక మెరుపు పైనుంచి కింది దాకా పోయింది. కొంచెం ఆగి ఉరుము వినిపించింది. అటు పక్క ఆకాశం నుంచి నేల దాకా బూడిదరంగు తెర వేలాడుతోంది. అది వానే.

వానను చూసి రైతు ముఖం మాడిపోవడం అండాలు ఎన్నడూ చూడలేదు. ఇవాళ అయిదు బండ్ల నిండా అవే ముఖాలు.

సోమన్న నెమ్మదిగా నడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చాడు.

"అడుగుతున్న అక్కా," అన్నాడు.

అండాలు అతన్ని ఎక్కువసేపు నిలబెట్టలేదు. లోపలికి పోయింది. ఖాళీ అయిన ఉమ్మడి గది దాటి, చిట్యాల గది ముందు ఆగింది. దాని తాళంచెవి కూడా ఆ నడుముముడిలోనే ఉంది. చిట్యాల రైతులందరి మొదటి దుక్కి గింజ ఆ గదిలో ఉంది. అందులో ఆవిడదీ ఉంది, ఆవిడ బావదీ ఉంది. తాళం తిరిగిన చప్పుడు విని పర్వతాలు గొడుగు అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్! అది మనదే!"

"మనదంటే ఎవరిది బావా?"

"చిట్యాలది! మన ఊరిది! నీకు మతి గిట్ల పోయిందా?"

"చిట్యాల నేల ఎండి ఉన్నది. ఇయ్యాల గింజ మోత్కూరు పోతది. రాత్రంత నడిస్తే పొద్దు పొడిచేటాళ్లకు బండ్లు చేరుతయి. కల్వకుర్తిల మిగిలింది ఖుద్దూస్ ఎల్లుండికల్ల తెచ్చి మన గదిల పోస్తడు."

"ఆలోపల మనకు పడితే?"

సోమన్న అడిగిన ప్రశ్నే, ఇంకో నోటి నుంచి. ఈసారి అండాలు జవాబుకు తడుముకోలేదు.

"పడితే ఖుద్దూస్ తెచ్చిన గింజ ముందు మీకందరికి పంచుత. అందరు ఇత్తినంక నా చెలకల ఇత్తుత. గింజ ఒడిసిపోతె నా చెలక బీడు పడుతది. నేనూ నా పిల్లలూ ఏం తింటమో నేను చూసుకుంట. నీ పొయ్యికాడికి మాత్రం రాను బావా."

పర్వతాలు ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి గోదాం ప్రహరీ గేటు దాకా పోయి చిట్యాల వాళ్లను పేరుపేరునా కేకేశాడు. "రాండ్రి! మన గింజను మోత్కూరోళ్లకు ధారపోస్తాంది!" హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, మగ్గాల ముందు నుంచి లేచినవాళ్లు వచ్చారు. వాళ్లలో లింగస్వామి పాడె మోసినవాళ్లు ఉన్నారు. అండాలును వదినా అని పిలిచేవాళ్లు ఉన్నారు. ఒక్కరూ పలకరించలేదు. పర్వతాలు ఇనుప గేటు మూసి గొలుసు వేసి, దాని కొస చేతికి చుట్టుకున్నాడు. ఊరు గేటుకు అవతల నిలబడింది. అండాలు, అయిదు బండ్లు, మోత్కూరు మనుషులు లోపల ఉండిపోయారు.

ఇందాక గడప అవతలున్న మోత్కూరువాళ్లు పరాయివాళ్లు. ఇప్పుడు గేటు అవతల ఉన్నది తన ఊరు. అయినా అండాలు కాలు వెనక్కి పడలేదు. మొదటి బస్తాను తనే నడుమెత్తున లేపి బండిలోకి తోసింది. మిగిలినవాటిని మోత్కూరు వాళ్లు అందుకున్నారు. బండ్లు ఒక్కొక్కటే నిండుతుంటే గేటు అవతల మాటలు పెరిగాయి.

సోమన్న గోడ దగ్గరికి పోయాడు. ఆనించిన గడ్డపార తీసుకుని వచ్చి, అండాలు పక్కన నిలబడ్డాడు.

"పర్వతాలన్నా," అన్నాడు, "నువ్వు గేటు తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

పర్వతాలు గొలుసు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

అప్పుడు గోదాం రేకుల మీద టప్పుమని ఒక చప్పుడైంది.

గేటుకు ఇవతలివాళ్లు, అవతలివాళ్లు, అందరూ పైకి చూశారు. మరో చినుకు పర్వతాలు పారేసిన గొడుగు మీద పడింది. ఇంకొకటి ఆయన చేతిమీది గొలుసు మీదే పడింది. చిట్యాల గుంపులోంచి "మన గింజ, మన గింజ!" అని ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని అరిచింది. మనుషులు గేటు మీదికి తోసుకొచ్చారు.

అండాలు ఒక్కతే పైకి చూడలేదు. కొంగు నడుముకు బిగించి, ముందు బండి మీదికెక్కి బస్తాల మీద కూర్చుంది.

"తోలు సోమన్నా," అంది.